మయూరశిఖకి నీళ్ళు పొయ్యకండి

సభకి వచ్చిన పెద్దలకీ, ముందు వరసలో కూర్చున్న మన పంతులు గారి ఇల్లాలు ప్రసన్నకుమారి గారికీ నమస్కారం.

ఈ ఎండలో, ఈ వడగాడ్పులో, రాజమహేంద్రవరం సగం ఈ బడి వసారాలోకి వచ్చి కూర్చుంది. కాకినాడ నించి పడవెక్కి వచ్చినవాళ్ళున్నారు. ద్రాక్షారామం నించి బండి కట్టుకొచ్చినవాళ్ళున్నారు. పోయినాయన జమీందారా? కాదు. తాసిల్దారా? కాదు. ఈ బడిలో ప్రకృతిశాస్త్రం చెప్పుకున్న మన రాజరత్నం పంతులు గారు. నేను ఆయన పక్క గదిలో తెలుగు చెప్పేవాణ్ణి. రోజూ గంట కొట్టగానే ఆయన గుమ్మం దగ్గర ఆగి ఒక మాట విసరడం నాకు అలవాటు. ఇప్పటికీ ఆగుతున్నానండి. ఎవరికి విసరాలో తెలియక ముందుకు పోతున్నాను.

ఆయన ఏడిపించే మనిషి కాడు కాబట్టి నేనూ మిమ్మల్ని ఏడిపించను. ఆయన పెంచిన మొక్క గురించి మాట్లాడతాను. చివర్లో ఒక మనవి ఉంది. దానికోసమే ఈ మాటలన్నీ.

మయూరశిఖని మీలో చాలామంది చూసే ఉంటారు. కోరుకొండ రాళ్ళ సందుల్లో, పాత కోటగోడల్లో మొలుస్తుంది. బెత్తెడు ఎత్తు. బొమ్మలపెళ్ళికి ఎవరో తాటిచెట్టు చేసిపెట్టినట్టుంటుంది. పూవు లేదు, కాయ లేదు, గింజ లేదు. ఇది ఫెర్నుల జాతి అనేవారు ఆయన. ఫెర్ను అంటే చల్లటి నీడ, కారే నీళ్ళు కావాలి కదా. మరి ఈ పిచ్చిది కాలే రాయి మీద కాపురం పెట్టిందేమిటి?

ఒక వేసవిలో ఆయన కొండ మీంచి ఎండిన మొక్కని తెచ్చారు. ఆకులు గుప్పిట మూసినట్టు ముడుచుకుని, నశ్యం రంగు తిరిగి ఉన్నాయి. తరగతిలో బల్ల మీద పెట్టి, "ఇది బతికుందా, చచ్చిందా?" అని అడిగారు. చచ్చిందని పిల్లలందరూ అన్నారు. గుమ్మంలోంచి నేనూ అన్నాను. ఆయన దాన్ని తడిగుడ్డలో చుట్టి పెట్టారు. మర్నాడు విప్పితే పచ్చగా విసనకర్రలా విచ్చుకుని ఉందండి.

ఇంక ఊరు ఊరుకుంటుందా? మావాళ్ళు సంజీవిని అన్నారు. పాదిరిగారు ఆదివారం ప్రసంగంలో 'చచ్చి లేచిన మొక్క' అని చెబుదామనుకున్నారు. రాజరత్నం గారు ఏ ఆదివారమూ పాదిరిగారి గుడి మానని భక్తుడు. అయినా పాదిరిగారి ఇంటికి వెళ్ళి చెప్పారు, "అయ్యగారూ, అది చచ్చి లేవలేదండి. చావకుండా ఆగిందండి. రెండూ ఒకటి కాదు." నాకూ అదే మాట చెప్పారు. మా సంజీవినీ పోయింది, వాళ్ళ ప్రసంగమూ పోయింది. ఇద్దరికీ సమానంగా నష్టం చేసిన మనిషి ఆయన.

ఆగడమంటే ఏమిటి? బ్రహ్మజెముడు నీళ్ళు దాచుకుని బతుకుతుంది. మయూరశిఖ దాచుకోదు. ఉన్న తడినంతా వదిలేస్తుంది. అందులో సగం పోయినా మరే మొక్కయినా చస్తుంది. ఇది మాత్రం ఆకు ముడుచుకుని, పెరగడం మానేసి, వాన వాసన తగిలేదాకా ఊరుకుంటుంది. లోపల ఏం సర్దుకుంటుందని అడిగితే, "నాకూ తెలీదండి, తెలిస్తే బాగుండును" అనేవారు. తెలీదని అంత హాయిగా చెప్పే పంతుల్ని నేను మరొకరిని చూడలేదు.

ఇక్కడ మనవాళ్ళ ఘనకార్యం ఒకటి చెప్పాలి. ఆయన కొన్ని మొక్కలు తెచ్చి ఇదే వసారాలో కుండీల్లో పెట్టారు. మనం ఆనకట్ట నీళ్ళ మీద పెరిగినవాళ్ళం. ఎండిందంటే నీళ్ళు పొయ్యడం తప్ప మరొకటి తెలుసా మనకి? కాలవ ఒండ్రు కంటే మంచి మట్టి ఉంటుందని నమ్ముతామా? కుండీల్లో ముందు మనవాళ్ళే ఒండ్రు నింపారు. తరవాత ప్రధానోపాధ్యాయులు చంద్రరావు గారు వస్తూ ఒక చెంబు. మన కావలి చిట్టియ్య తుడుస్తూ ఒక చెంబు. ప్రసన్నకుమారి గారు అన్నం క్యారేజీ తెస్తూ ఒక చెంబు. ఒకరు పోసినట్టు మరొకరికి తెలీదు. అందరివీ మంచి మనసులే. మొక్కలన్నీ కుళ్ళిపోయాయి.

ఆయన కోప్పడతారని అందరం భయపడ్డాం. ఆయన ఖాళీ కుండీలు చూసి నవ్వి, "ఎండకి చావనిది మన దయకి చచ్చిందండి" అన్నారు.

తరవాత ఆకుల అంచు కింద ఉండే గోధుమరంగు పొడిని, సున్నం పట్టిన పాత ఇటుక మీద చల్లి గాజుగిన్నె బోర్లించారు. గింజ లేని మొక్కకి విత్తనం బదులు అదే. ముందు చిన్న పచ్చటి పొలుసు పుడుతుందట. ఫెర్నుల పెళ్ళి ఆ పొలుసు అడుగున జరుగుతుంది. పెళ్ళికొడుకు, అంటే కంటికి కనపడని మగకణం, పెళ్ళికూతురి దగ్గరికి ఈదుకుంటూ వెళ్ళాలి. నీటిబొట్టు లేకపోతే పెళ్ళి లేదు. ఎండని ఓర్చుకునే మొక్కకి కూడా బిడ్డలు కలగాలంటే తడి కావాలి. అప్పుడాయన భార్యని పిలిచి, "ప్రసన్నా, ఇప్పుడు నువ్వే నీళ్ళు చిలకరించాలి" అన్నారు. కుండీల సంగతి తరవాత ఆమె చెంబు ముట్టుకోవడానికే భయపడుతున్నారు మరి. ఆ ఇటుక మీద మొలిచిన మొక్కలు ఆమె చేతి మీదుగా పెరిగినవే.

ఆఖరి జ్వరంలో ఆయన కోరింది ఒకటే. సమాధి మీద పూలమొక్కలు వద్దు, ఆ ఇటుక పెట్టండి, వేసవిలో ఎండనివ్వండి అని. పెట్టారు. ఈ వడగాడ్పుకి అది ముడుచుకుపోయింది.

ఇదిగోనండి నా మనవి. ఆయన మీద ప్రేమకొద్దీ కొందరు చెంబులతో వెళ్తున్నారని చిట్టియ్య చెప్పాడు. ఎండిన మొక్క సమాధి మీద ఉంటే బాగోదు, పీకేసి నందివర్ధనం పెడదామని కూడా అంటున్నారట. అయ్యా, అమ్మా, దణ్ణం పెడతాను, ఆ పని చెయ్యకండి. అది చావలేదు. ఆగింది. తొలకరి దాకా మీరూ ఆగండి. ఆయన పోయారనే బాధ నాకు ఉంది, చాలా ఉంది. కానీ ఆ ఇటుక అక్కడున్నంత కాలం నాకు మనసు నిబ్బరంగానే ఉంటుంది.

నిన్న సాయంత్రం నేను సమాధుల తోటకి వెళ్ళాను. ప్రసన్నకుమారి గారు అక్కడ కూర్చుని ఉన్నారు. పక్కన నిండు చెంబు. అలవాటుగా తెచ్చుకున్నట్టున్నారు. ఆ ముడుచుకున్న ఆకుల్ని చాలాసేపు చూశారు. చెయ్యి చెంబు మీదకి వెళ్ళింది, వెనక్కి వచ్చింది. పొద్దుగుంకాక లేచి, ఆ నిండు చెంబుని అలాగే ఇంటికి తీసుకెళ్ళారు.

అంతకంటే గొప్ప నివాళి నాకు తెలీదు. పద్యం చదవమని నన్ను అడిగారు. నేను చదవను. మనందరం లేచి, ఏమీ పొయ్యకుండా, ఏమీ అనకుండా, ఆమె నిన్న ఉన్నట్టు కాసేపు ఉందాం. లేవండి.