పాలపిట్ట కంట్లో చుక్క

కాదురా షబ్బీరూ, ఈ ఫొటోలో పిట్ట కంట్లో ఆ తెల్లచుక్క నువ్వు పెట్టిందే. నా దగ్గర బుకాయించకు. మన నగ్మా పెళ్లి ఆల్బంలో పిల్ల కంట్లోనూ అదే చుక్క, పెళ్లికొడుకు కంట్లోనూ అదే, పక్కన నిలబడ్డ నా కంట్లోనూ అదే. నాకు శుక్లాలు తీసి అప్పటికి నెల కూడా కాలేదు. డాక్టరుకే కనపడని మెరుపు నీకెక్కడ కనపడిందిరా అని ఆరోజే అడగాల్సింది. పెళ్లింట్లో ఎందుకులే అని ఊరుకున్నాను.

ఇప్పుడు పాలపిట్టక్కూడా పెట్టావు. రేపు దానికి కాటుక కూడా పెడతావేమో.

కూర్చో. పెద్దమ్మ ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడతావేం? పోటీకి పంపడానికి సాయంత్రం ఆరింటి దాకా టైముందన్నావుగా. సంతకం సంగతి తర్వాత. ముందు ఈ బొమ్మ సంగతి తేల్చు.

ఏం నీలంరా ఇది? బోరు పైపుకుంటుంది ఈ నీలం. "రంగు కాస్త లేపాను పెద్దమ్మా" అంటావు. అదేమన్నా పడుకుని ఉందా నువ్వు లేపడానికి?

పాలపిట్ట కూర్చున్నప్పుడు మట్టిరంగే. మన చేలో కరెంటు తీగ మీద పొద్దస్తమానం కూర్చుంటుంది, కొత్తవాళ్లు చూస్తే ఏదో గువ్వనుకుని పోతారు. పురుగు కోసం కిందకి దూకినప్పుడు, ఆ రెండు క్షణాలే, రెక్క విప్పుతుంది. అప్పుడు చూడాలి. దసరాకి శేషాచలంగారి వాళ్లు పిల్లల్ని వేసుకుని మన గట్టు మీదకొచ్చి, అది ఎప్పుడెగురుతుందా అని ఎండలో మెడలు పైకెత్తి నిలబడతారు. నీకు ఆ ఓపిక లేదు. మెడకీ కడుపుకీ అంతా పూసేశావు. మీ స్టూడియోలో ఆడపిల్లల మొహాలకి తెలుపు పూసినట్టు.

తీగేదిరా? చెరిపేశావా? చూడ్డానికి బాగాలేదా?

అది రోజూ కూర్చునే చోటు బాగాలేదు. మిరపకాయల కల్లం బాగుంది. ఎరుపు మీద నీలం కొట్టొచ్చినట్టు కనపడుతుందని దాన్ని తీసుకెళ్లి కల్లం మీద ఎగురుతున్నట్టు పెట్టావు. అది పురుగులు తినే పిట్టరా, మిరపకాయలకి వచ్చేవి చిలకలు. ఆ మాత్రం తెలీదు, పక్షుల ఫొటోగ్రాఫరట. పైగా ఇది పోయినేటి ఇషాక్ కల్లం. కాయల కింద పరిచిన ఆ చిరుగుల బరకం నేను గుర్తుపట్టలేననుకున్నావా? పిట్ట నీడ కూడా పడలేదు కాయల మీద.

ఒక్కటి మాత్రం ఒప్పుకుంటాను. ఇందాక నువ్వు వేళ్లతో అలా లాగి రెక్క పెద్దది చేసి చూపించావే, నాకు ఊపిరాగినంత పనయింది. ఒక్క ఈకలో అన్ని దారాలా. మా నాన్న ఏకిన దూదిలాగా, పోగు పక్కన పోగు, ఒకదానికొకటి తగిలీ తగలనట్టు. డెబ్బై ఏళ్ల నుంచీ చూస్తున్నాను ఈ పిట్టని, నాకు తెలీదు. అంత చూడగలిగే కెమెరా నీ చేతిలో ఉంది. దాంతో నువ్వు చేసే పని ఇదీ.

సరే, కాళ్లు చూడు.

నా కాళ్లు కాదు, పిట్ట కాళ్లు. ఎగిరే పిట్ట కాళ్లు వెనక్కి పెట్టుకుంటుంది. ఇదేంటి పిడికిలి బిగించింది? గాల్లో ఏం పట్టుకుందిరా?

చచ్చిన పిట్ట అలా బిగిస్తుంది. దాన్ని తీసుకెళ్లి, సన్నతీగతో రెక్కలు విప్పి కట్టి, ఫొటో తీసి, తర్వాత ఆ తీగ కూడా చెరిపేశావు. తల దించుకున్నావంటే నిజమేనన్నమాట.

ఆ కాగితం ఇలా ఇవ్వు. నేను చదువుతాను, నువ్వు విను. "పైన చూపిన పక్షి నా పొలంలో ప్రాణంతో, స్వేచ్ఛగా ఉండగా, ఎవరూ ముట్టుకోకుండా ఈ ఫొటో తీయబడినది. ఇట్లు, షేక్ కరీమున్, రైతు." మూడు లైన్లకి ఇంతసేపు పట్టింది, నవ్వుకుంటే నవ్వుకో. నీ జేబులో ఆ ఇంకుప్యాడ్ ఎందుకో నాకు అర్థమైందిలే. పెద్దమ్మ ఏముంది, వేలు ముంచి అద్దేస్తుందనుకున్నావు. అరవై నాలుగో ఏట బాలసరస్వతి టీచరు ముందు పలకపట్టుకుని కూర్చుంటే చూసి ఊరంతా నవ్వింది, నువ్వొక్కడివే మర్చిపోయావు.

నాకు తెలుసు నీ బాధ. ఇది హైదరాబాదులో గోడకి తగిలిస్తారు, కింద నీ పేరు వేస్తారు. ఇక జన్మలో పెళ్లిళ్లలో లైటు పట్టుకుని ఆకలితో నిలబడక్కర్లేదు. కోరుకో, తప్పేం లేదు. దానికి ఇదా దారి?

ఏంటీ? ఇది చచ్చిన పిట్టేనని రుజువేంటి అంటున్నావా?

ఎడమ రెక్కలో మూడో ఈక దానికి లేదు. కుడి రెక్కది తెచ్చి అక్కడ అతికించావు. కొసన గాటు చూడు, రెండు వైపులా ఒకేలా ఉంది.

ఎలా తెలుసంటే, ఇదిగో ఆ ఈక. నా రాత పుస్తకంలో పెట్టుకున్నాను. బొమ్మ పక్కన పెట్టి చూడు, ఏది నీలమో.

అలా చూడకు నా వైపు. చెప్తాను.

పోయిన గురువారం. మిరప పూతంతా తామరపురుగు పట్టి ముడుచుకుపోతోంది. పక్కచేలో పంట పోయిందని నజీర్ ఏడుస్తుంటే చూశాను. వీరబాబు మందు కొట్టడానికొచ్చాడు, ట్యాంకులో కలిపింది నేను. డబ్బా మీద చిన్న చిన్న అక్షరాలు. కళ్లద్దాలు పెట్టుకుని కూడబలుక్కుని చదివానురా. ట్యాంకుకి ఒక మూత. మించితే పక్షులకు ప్రమాదం. అన్నీ చదివాను. చదివి మూడు మూతలు పోశాను.

వేలిముద్ర రోజులైతే నాకేం తెలుసు నాయనా అనేదాన్ని. అల్లా ముందైనా అదే చెప్పేదాన్ని. ఇప్పుడా మాట లేదు నాకు.

మందు తగిలిన మిడతలూ పురుగులూ నేలమీద గిలగిల్లాడుతుంటే దానికి పండగే. తీగ మీద నుంచి దూకడం, తినడం, మళ్లీ ఎక్కడం. ఎంత ముచ్చటేసిందో. నిలబడి చూశాను కూడా. మర్నాడు పొద్దున మొక్కల సాళ్ల మధ్య బోదెలో పడి ఉంది. ఎవరన్నా చూస్తారని రెక్క పట్టుకుని కాలవగట్టు మీదకి విసిరాను. ఆ విసురుకి ఈక నా చేతిలోకి వచ్చేసింది. గట్టు మీదది నీకు దొరికింది.

ఓహో. అయితే ఇద్దరం సమానమే, సంతకం పెట్టెయ్, ఇద్దరికీ గొడవుండదు అంటావు. అంత తొందరగా నా పక్కన చేరిపోకు.

కాగితం అడుగున "ఇతర వివరాలు" అని ఖాళీ వదిలారు. పెన్నివ్వు. లాక్కోకు, చిరుగుతుంది. నా రాత అసలే వంకర.

"ఈ పిట్ట చచ్చిపోయాక ఫొటో తీశారు. చంపింది నా మందు. ఒక మూత అని చదివి మూడు మూతలు పోశాను. కరీమున్."

అయింది. పంపుకుంటే పంపుకో, చింపుకుంటే చింపుకో. నేను పెట్టే సంతకం ఇదొక్కటే.

ఇంకా వెళ్లవేం? ఏమడుగుతున్నావు? నువ్వు మాత్రం మానేస్తావా అనా?

పై మడిలో మళ్లీ పురుగు కనపడింది. రేపు పొద్దున వీరబాబుని రమ్మన్నాను. డబ్బాలో ఇంకా సగం ఉంది. ఈసారి ఒక్క మూతే పోస్తానని నీ మొహం మీద చెప్పి నిన్ను పంపించేయాలని ఉందిరా షబ్బీరూ.

నోరు రావడం లేదు.