తాళం లేని తలుపు

న్యూయార్క్‌లో ఓ చిన్న నాటకశాల. మధ్యాహ్నం ఆటకి ముందు మేకప్ గదిలో నటుడి మీద నాటక రచయిత విరుచుకుపడుతున్నాడు.

"బుద్ధుందా నీకు? ఉన్నదే ఒక్క పాత్ర. నిన్న ఆట మధ్యలో స్టేజీ మీది తలుపు తీసుకుని ఎలా వెళ్ళిపోయావు?"

"దానికి తాళం లేదని రాసింది నువ్వేగా!"

"తాళం లేకపోయినా వాడు కుర్చీలోంచి లేవడు. నాటకమంతా అదేనయ్యా!"

"మనిషికి స్వేచ్ఛ ఉందని అరవై ఆటలుగా నాచేత అరిపించావు. నిన్న ఆ మాట నాకే తగిలింది."

"అరవడం వరకే నీ పని!"

"అంత మంటగా ఉంటే తెర దించేయాల్సింది, మహానుభావా."

"ఎలా దించుతారు? నీ ఆఖరి మాట చెవిన పడితేనే తెర లాగాలని కట్టడి చేశాను కదా. ఇరవై నిమిషాలు ఖాళీ కుర్చీ మీద లైటు వెలుగుతూనే ఉంది!"

"జనం లేచిపోయారా?"

"ఒక్కడూ కదల్లేదు. తెర పడలేదుగా!"

"హాలు తలుపులకి తాళాలేశారా?"

"ఎందుకేస్తారు?"

"మరి నువ్వెక్కడున్నావు?"

"చివరి వరసలో. తలుపు పక్కనే."