జంట కాగితం

ఇళ్లకు ప్లాన్లు గీసే నాన్న, భోజనాల బల్ల మీద కూతురి సైన్సు నోట్‌బుక్ తెరిచి, మందారం బొమ్మ మీద స్కేలు పెట్టాడు.

“ఈ రేకు పక్కదానికన్నా పొట్టిగా ఉంది. చింపెయ్.”

“పెరట్లో పువ్వు చూసే వేశాను నాన్నా. దానికీ అలాగే ఉంది.”

“పువ్వుకి బుద్ధి లేకపోతే నీకుండక్కర్లేదా? చింపెయ్ అంటుంటే!”

“ఇది పిన్నులు కొట్టిన పుస్తకం నాన్నా. ఇది చింపితే ముందున్న జంట కాగితం కూడా ఊడొస్తుంది.”

“ఊడితే అదీ మళ్లీ వేసుకో. చేతులేం అరిగిపోవు.”

“అది ఆకు బొమ్మ. నువ్వు ‘బాగుంది’ అని రాసిన పేజీ. పుస్తకం మొత్తంలో అదొక్కటే.”

“ఏదీ, చూడనీ.”

ఆమె గబగబా పేజీలు వెనక్కి తిప్పి చూపించింది. నాన్న కళ్లజోడు సర్దుకుని వేలితో లెక్కపెట్టాడు.

“ఈనెలు ఇటు ఏడు, అటు ఆరు. ఆ రోజు నా కళ్లెక్కడ పెట్టుకున్నానో!”

ఆ కాగితం ఆయనే చింపేశాడు. మందారం దానంతటదే ఊడి ఆమె ఒళ్లో పడింది.

ఆమె దాన్ని నలగకుండా పట్టుకుంది.

“రెండూ మళ్లీ వేస్తాను. ఈసారి ఒక్క తప్పు కూడా లేకపోతే ‘బాగుంది’ అని రాస్తావా నాన్నా?”

“తప్పే లేకపోతే ఇంక రాయడానికేముంటుందే?”