చినపేరయ్య ఐపీ పెట్టాడంట

చినపేరయ్య ఉన్నాడే, మన మిరపకాయల కోల్డ్ స్టోరేజీ చినపేరయ్య, ఆయనకి కుదురు లేదనుకో. కూర్చుంటే లేస్తాడు, లేస్తే గేటు దాకా పోతాడు. ఎందుకంటే లోపలున్న కాయ టిక్కీలన్నీ, అదే మిరపకాయ బస్తాలన్నీ, ఊళ్ళో రైతులయ్యి. ఒక్క టిక్కీ పోయినా పేరయ్యే తిన్నాడంటారు గదా. కెమెరాలు ఉన్నయ్యిలే, పాతయ్యి. లావుపాటి వైర్లు, ఆఫీసు గదిలో ఓ టీవీ, అందులో అంతా మసక. వచ్చేది మనిషో గేదో తెలవదు. ఓసారి అన్నం తెచ్చిన పెళ్ళాన్నే చూసి, ఎవరది ఎవరది అని కర్ర తీసుకుని పరిగెత్తాడంట. నవ్వమాకండి, ఆమె ఇప్పటికీ క్యారేజీ పట్టుకుని అటు పోదు.

అట్టా కాదని గుంటూరు నుంచి కెమెరాలోళ్ళని పిలిపించాడు. వాళ్ళేమన్నారంటే, ఇయ్యన్నీ తీసేసి ఐపీ కెమెరాలు పెడదామండీ, నెట్టు మీద నడుస్తయ్యి, మీరెక్కడున్నా ఫోన్లో మొహాలు తేటగా కనపడతయ్యి అన్నారంట. ఇంక ఏమైందంటే, ఈయన టీ కొట్టు కాడ నిలబడి ఫోన్లో ఎవరితోనో, ‘పాతదాంతో నా వల్ల కాదు, రేపు ఐపీ పెట్టేస్తన్నా’ అన్నాడు. పక్కనే గురవమ్మ. ఆమె పండించిన కాయంతా ఈయన దగ్గరే ఉంది. ఐపీ పెట్టటమంటే మనూళ్ళో ఏంటో నేను చెప్పాలా? నా దగ్గరేం లేదని కోర్టుకి చెప్పేసి చేతులెత్తెయ్యటం. గురవమ్మ టీ గ్లాసు అక్కడే వదిలేసింది. దారెమ్మట కనపడినోళ్ళకల్లా చెప్పుకుంటా పోయింది, పేరయ్య ఐపీ పెడతన్నాడంట, నా కాయ ఏం గావాల, నా కాయ ఏం గావాల అని.

తెల్లారి కెమెరాలు బిగించారు. పేరయ్య ఏదో పని మీద గుంటూరు బస్సెక్కి, కుదురుండక ఫోను తీశాడు. ఏముంది, గేటు కాడ ట్రాక్టర్లు. జనం టిక్కీలు లాగతన్నారు, వాచ్‌మన్ అడ్డం పడతన్నాడు, గురవమ్మ ఓ టిక్కీ మీద కూర్చుని ఏడుస్తంది. అందరికన్నా ముందున్న ట్రాక్టరు ఎవరిదనుకున్నారు? బావమరిది ఎల్లమందది. సొంత బావమరిది. బావా ఇది నిజమేనా అని ఒక్క ఫోను చేసి అడిగాడా? అడగలా. పేరయ్యకి ఆ బస్సులోనే కళ్ళల్లో నీళ్ళు తిరిగినయ్యంట.

దిగి, ఆటో పట్టుకుని వచ్చి పడ్డాడు. ఐపీ అంటే కెమెరానమ్మా, కెమెరా అని గోడ మీదకి చూపించాడు. గురవమ్మ పైకి చూసి, ‘ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా నాయనా, నా ప్రాణం పోయింది’ అంది. జనం నవ్వుకుని టిక్కీలు మళ్ళీ లోపలికి మోశారు. ఎల్లమంద కూడా మోశాడు. జనాన్ని ఆపుదామనే వచ్చా బావా అన్నాడు. పేరయ్య ఊఁ అన్నాడు, ఫోను జేబులో పెట్టుకున్నాడు.

ఇప్పుడు లోపలన్నీ కొత్తయ్యే. గేటు కాడ మాత్రం కొత్తది పీకించి ఆ మసకదే మళ్ళీ పెట్టించాడు. ఎందుకయ్యా అంటే, ‘పెళ్ళాం తరపోళ్ళు వచ్చే దారి మామా, అక్కడ ఆ మాత్రం మసక ఉండనీ’ అన్నాడు. కెమెరా అయితే మార్చాడు గానీ చూసిందాన్ని ఏం చేస్తాడు? ఎల్లమంద వస్తే చాలు, కూర్చున్నోడు లేస్తాడు, లేచి గేటు దాకా పోతాడు.