ఇస్పేటా, కళావరా?

మధ్యాహ్నం. వియ్యంకులిద్దరూ రమ్మీ ఆడుతున్నారు. ఒకరు రిటైరైన బడి మాస్టారు, మరొకరు రిటైరైన బస్సు డ్రైవరు. మాస్టారి వీపు వెనక అద్దాల బీరువా.

"...అందుకని రేపు పొద్దున్న కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్తున్నా బావగారూ. మీరూ తోడు రండి."

"ఎందుకు మాస్టారూ లేనిపోనివి? మీ కళ్ళకేమొచ్చింది? లక్షణంగా ఉన్నాయి."

"చూడ్డానికి లక్షణంగానే ఉన్నాయి. చూడమంటేనే మొరాయిస్తున్నాయి. దూరంగా ఉన్న మనిషి మొహం అలుక్కుపోతోంది. సాయంత్రమయ్యేసరికి ఒకటే తలనొప్పి. మీ ఆటే, ముక్క తీయండి."

"తీస్తున్నా, తీస్తున్నా. ఒకసారి అద్దాలు పెట్టామా, కళ్ళు బద్ధకిస్తాయి. ఇక వదలవు."

"చెప్పులేసుకుంటే మీ కాళ్ళు బద్ధకించాయా?"

"అది వేరు, ఇది వేరు. ముక్కు మీద గుంటలు పడతాయి. చూసినవాళ్ళు ముసలాడంటారు."

"మనవరాలు తాతా అని పిలుస్తున్నా ఇంకా పడుచువాళ్ళమేనా? అదేంటి, కళ్ళు చిట్లించి నా భుజం మీంచి అలా చూస్తున్నారు?"

"ఎక్కడ? ఏం లేదు. బల్లి."

"బల్లా?"

"పోయింది. ఇదిగో, ఈ ముక్క పడేస్తున్నా. మీకు పనికిరాదు."

"ఎందుకు పనికిరాదు? బ్రహ్మాండంగా పనికొస్తుంది."

"తీసుకుంటున్నారా? అదేం..."

"ఏం?"

"ఏం లేదు, ఏం లేదు."

"అవునూ, నిన్న బడి దగ్గర..."

"ష్! మెల్లగా. మా అమ్మాయి వంటింట్లో ఉంది."

"ఎవరి పిల్లనో స్కూటరెక్కించుకుని సందు మలుపు దాకా తెచ్చేశారట కదా? మన పిల్ల వెనకాల పరిగెడుతూ, తాతా, అది నేను కాదూ అని అరిచిందట."

"యూనిఫాం అందరిదీ ఒకటే కదండీ! అందరివీ రెండు జడలే! ఎక్కిన పిల్లయినా చెప్పొద్దూ?"

"చెప్పిందట. అల్లరి చెయ్యకు, కదలకుండా కూర్చో అన్నారట మీరు."

"మాస్టారూ, మీకు దణ్ణం పెడతా, మా అమ్మాయికి చెప్పకండి. స్కూటరు తాళం లాగేసుకుంటుంది. పిల్లని దింపి, తీసుకురావడం... నాకు మిగిలిన డ్యూటీ అదొక్కటే. అదీ పోతే పొద్దున్నే లేచి ఏం చెయ్యను?"

"నేను చెప్పను. ఒట్టు."

"బస్సు నడిపినన్నాళ్ళూ బండికి గీత పడనివ్వలేదు. నాకు చూపు తక్కువంటే ఎవడైనా నవ్వుతాడు."

"మీకు తక్కువని నేనన్నానా? డాక్టరు దగ్గరికి వెళ్దామన్నది నేను కదా. ఆడండి."

"ఆడుతున్నా. ఇదిగో, కళావరు ఎనిమిది."

"షో!"

"షోనా? ఎలా?"

"మీ ఎనిమిదితోనే. చూడండి, అన్నీ కళావర్లే."

"కళావర్లేంటి? మీరు పోగేసేది ఇస్పేట్లు కదా!"

"ఇస్పేట్లని మీకెవరు చెప్పారు బావగారూ?"

"ఎవరో... అదే... అనుభవం."

"బల్లి చెప్పిందా?"

"బల్లేంటి? ఏ బల్లి?"

"నా వెనక బీరువా అద్దంలో నా ముక్కలు కనపడుతున్నాయి. అవునా, కాదా?"

"కొంచెం... కొంచెం."

"ఆ కొంచెమే మీ కొంప ముంచింది. రోజూ నా చేతిలోవి చూస్తూనే ఉన్నారు, రోజూ ఓడిపోతూనే ఉన్నారు. దొంగాట ఆడి కూడా ఓడిపోయేవాళ్ళని మిమ్మల్నే చూశా."

"అదే నాకూ అంతుపట్టట్లేదు మాస్టారూ! ఇదేదో మాయ అనుకున్నా."

"మాయ కాదు, మసక. ఇస్పేటుకీ కళావరుకీ తేడా తెలియనివాడికి పిల్లకీ పిల్లకీ తేడా ఏం తెలుస్తుంది?"

"అంటే... అద్దం సంగతి తెలిసే ఊరుకున్నారా?"

"అసలు బీరువాని అక్కడికి జరిపించిందెవరనుకున్నారు? అమ్మాయ్! ఇలా రా తల్లీ. పనైపోయింది."

"వచ్చా మామయ్యగారూ. ఒప్పుకున్నారా నాన్న?"

"నువ్వు కూడానా!"

"పక్కింటి పిన్నిగారు నోరు విప్పితే గానీ నువ్వు పోల్చుకోవట్లేదని ఎప్పుడో కనిపెట్టా నాన్నా. అడిగితే ఇల్లెగిరిపోయేలా అరుస్తావు. అందుకే మామయ్యగారికి అప్పజెప్పా."

"నిన్నటిది కూడా తెలుసా?"

"నీ మనవరాలు కడుపులో మాట దాచుకునే రకమా?"

"అయితే తాళం..."

"నీ దగ్గరే ఉంచుకో. నువ్వు దింపకపోతే అది బడికే వెళ్ళనంటోంది. అద్దాలు పెట్టుకుని నువ్వే దింపు. అవి వచ్చేదాకా మాత్రం ఇద్దరూ నడిచి వెళ్ళండి. కబుర్లు ఎక్కువ చెప్పుకోవచ్చు."

"మరి మాస్టారి కళ్ళు? ఆయన తలనొప్పి?"

"నా కళ్ళకేం బావగారూ, ఏటా చూపించుకుంటూనే ఉన్నా. సాయంత్రమయితే నుదుటికి బామ్ రాసుకునేది మీరు. ఇందాక నేను చెప్పినవన్నీ మీ జబ్బులే. రేపు డాక్టరు దగ్గర రాయించింది కూడా మీ పేరే."

"ఎంత పని చేశారండీ మామా కోడళ్ళు! సరే, వస్తా. పెట్టుకుంటా. కానీ ఒక్క షరతు."

"ఏంటి నాన్నా?"

"ఆ బీరువా మాత్రం అక్కణ్ణుంచి కదపొద్దు."