రింగు కింద హనుమండ్లు

హనుమండ్లు పేరు పక్కన గదేం రాస్తుండ్రు పేర్రాజు గారూ? ‘అడ్డుకోవడం రాదు’ అనా? జర ఆగుండ్రి. సిరా ఆరకముందే చెప్తున్న, గది తప్పు. ఛాయ్ చల్లగైతుంది, తాగుకుంట వినుండ్రి.

ఎంపిక చేసేది మీరు, హైదరాబాద్ నుంచి వచ్చిండ్రు. నన్ను జిల్లా తరఫున పెద్దమనిషి ఒకడుండాలెనని పిలిచిండ్రు, వచ్చి కూసున్న. నాకు బాస్కెట్‌బాల్ రాదు. ఎప్పుడో కాలేజీల చదివే రోజులల్ల టెన్నిస్ ఆడిన. ఆడిన అంటే, బంతి నా దిక్కు వస్తే కొట్టిన. దూరం పోతే ఇంకెవడో ఉరికి తెచ్చేటోడు. గా సంగతి వద్దులెండ్రి.

కరీంనగర్ జిల్లా మొత్తానికి ఒక్కటే జాగ. వానికి దొరికితే పోలీసు జట్టుల నౌకరి. దొరకకపోతే సోమారం సంది మా తమ్ముని ఇంట్ల జీతముండాలె. వాని బాపు లచ్చయ్యకు నడుము పోయింది, బదులు కొడుకు రావాలె. పశువులు, పెండ, అరక. వాని బతుకు మొత్తం గంతే. అందుకే అంటున్న, జర నిమ్మలంగ రాయుండ్రి.

ముందుగాల మంచి చెప్పుకుందాం. పొడుగు చూసిండ్రు గదా? రింగు కింద హనుమండ్లు ఎగరాల్సిన పనే లేదు, చెయ్యి లేపితే చాలు. గా పొడుగు బాపు నుంచే వచ్చిందంటరు. నాకు తెల్వది. లచ్చయ్య నా చిన్నప్పటి సంది మా ఇండ్లల్లనే ఉన్నడు గని, వాడు సీదా నిలబడంగ నేనెన్నడు చూడలే.

ఇగ బంతి ఇసురుడు. జొన్నచేన్ల మంచె మీద నిలబడి వడిసెల తిప్పి పిట్టలు కొట్టిన చెయ్యి అది. గీ మూలకెళ్లి గా మూలకు ఇసిరితే సక్కగ మనిషి చేతులల్లనే పడుతది. రింగుకు తాకి బయటికొచ్చిన బంతి ఒక్కటన్న ఇంకెవనికన్న చిక్కిందా? డ్రిల్ మాస్టర్ దేవదాస్ వాణ్ణి హాస్టల్ల అన్నం కోసం నిలబడ్డ వరుసల చూసి పట్టుకొచ్చిండట. అందరి మీదికెళ్లి ఒక్క తలకాయ కనబడ్డదట.

సెంటర్ ఆటగాడంటే రింగు కింద కావలి, అంతే గదా? మరి పొద్దటి సంది కావలి కాసిండా లేదా? మెట్‌పల్లి పోరడు వచ్చిండు, వీడు బంతి గుంజుకున్నడు. జగిత్యాల పోరడు వచ్చిండు, గోడకు తాకినట్టు ఆగిండు. హుస్నాబాద్ పోరడైతే దూరంకెళ్లే మర్లిపోయిండు. ఇంకెట్ల అడ్డుకోవాలె?

అవు, అవు. కరుణాకర్‌రావు వచ్చినప్పుడు పక్కకు జరిగిండు. వచ్చినప్పుడల్ల జరిగిండు. నేను గూడ చూసిన. ఆటల జరిగినట్టు గాదు, తొవ్వల జరిగినట్టు. చెయ్యి భుజం మీదికి పోయింది, గమనించిండ్రా? గక్కడ తువ్వాల లేదు. ఉంటే తీసి చంకల పెట్టుకునేటోడు.

మీరు కాకినాడ దిక్కోళ్లు, మీకు తెల్వదు. కరుణాకర్‌రావు మా తమ్ముని కొడుకు. చొప్పదండి పక్కన మా ఊర్ల, మా ఇంటోళ్లు తొవ్వల నడుస్తుంటే ఎదురొచ్చినోడు చెప్పులు చేతులల్ల పట్టుకొని పక్కకు జరుగుతడు. ఎవరు చెప్పరు, ఎవరు అడుగరు. జాగీర్లు పోయినయి, నిజాం పోయిండు, మీరొచ్చిండ్రు. గిది గూడ పోవాలెనని ఎవరికీ యాదికి రాలే.

ఏంది? నేను చెప్పొచ్చు గదా అంటరా?

చెప్పిన సార్! సగం ఆటకు విజిల్ వేసినంక పిలిచి మరీ చెప్పిన. ‘ఒరే హనుమండ్లూ, కరుణాకర్ వస్తే అడ్డం నిలబడు. నేను చెప్తున్న’ అన్న. ‘బాంచెన్ దొరా, అట్లనే’ అన్నడు.

నిలబడ్డడు గూడ. మా పిలగాడు ఉరికొచ్చి ఎగిరిండు, వీడు రెండు చేతులు లేపిండు. బంతి గక్కడ్నే ఆగింది. రిఫరీ ఫౌల్ అనలే. పిలగాడు ఎల్లకిల పడ్డడు. అబ్బ! నేను చప్పట్లు కొట్టబోయిన.

గంతట్ల వీడు బంతి ఇడిసిపెట్టి, వంగి, పిలగాని కాళ్లు పట్టుకున్నడు. ‘తప్పయింది చిన్నదొరా, పెద్దదొర చెప్తే చేసిన’ అని. పిలగాడు ‘ఇడువురా, ఆట నడుస్తుంది’ అంటుండు. వీడు ఇడువడు. హుస్నాబాద్ పోరడు గా బంతి తీస్కొని నిమ్మలంగ పోయి రింగుల ఏసిండు. గా ఒక్కదానితోనే వీని జట్టు ఓడింది.

మీరు నవ్విండ్రు. తప్పు లేదు. కొత్తగ చూసేటోళ్లకు నవ్వొస్తది.

అయితే ఒకటి చెప్పుండ్రి. హైదరాబాద్‌ల మా తమ్ముని కొడుకు ఉండడు గదా? గక్కడ వీడు ఎవరినన్న ఆపుతడు. ఆ? గక్కడ గూడ దొరల పిల్లలే ఆడుతరా? వానికెట్ల తెలుస్తది ఎవరి కొడుకు ఎవరో?

తెలుస్తది. నిజమే. బూట్లు చూసి తెలుసుకుంటడు. నేను మాట ఇయ్యలేను.

రాసిండ్రా? కరుణాకర్‌రావు. మంచిది. బాగనే ఆడుతడు. వాని ముందల ఎవరు నిలబడలే గనుక ఎంత బాగనో మనకు తెల్వది.

నా దస్కత్ గూడ ఉండాల్నా? ఏడ? గీడనా? ఇటియ్యుండ్రి... పెట్టిన. రేపు తమ్ముని పక్కన కూసోని తినాలె గదా.

బయట చెట్టు కింద హనుమండ్లు నిలబడ్డడు, సంగతి ఏమైందోనని. మీరు కూసోండ్రి, మీరు పోకుండ్రి. మీరు పరాయోళ్లు. మీరు చెప్తే ఎందుకు సార్ అని అడుగుతడు కావచ్చు.

నేను పోయి చెప్త. నన్ను అడుగడు.