ఎడమ చైను

జనగామ పట్టణ పోలీస్ స్టేషన్‌లో ఎస్సై గారు అడగగా నేను చెప్పుకున్నది.

నా పేరు తాళ్లపల్లి దయాకర్, తండ్రి దేవదాసు, వయసు ముప్పై తొమ్మిది. భూపాలపల్లి ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో మట్టి నెట్టే డోజర్ ఆపరేటర్‌ని. అక్కడే క్వార్టర్‌లో ఒక్కడినే ఉంటున్నాను. ఫిర్యాదు ఇచ్చిన జగపతి గారు నాకు పిల్లనిచ్చిన మామ. నా భార్య పల్లవి, కూతురు రిషిత పోయిన దసరా నుంచి ఇక్కడ జనగామలో ఆయన ఇంట్లో ఉంటున్నారు. బిడ్డను చూసుకోవడానికి నాకు అనుమతి ఇవ్వాలా వద్దా అన్నది వచ్చే సోమవారం కోర్టులో తేలుతుంది. ఈ కేసు నిలబడితే నేను రౌడీనని వాళ్ల వకీలు చెబుతాడు. అది తెలిసే ఉన్నదున్నట్టు చెబుతున్నాను.

ఫిర్యాదులో బొమ్మకారు అని రాయించారు. అది కారు కాదు, ట్యాంకు. ప్లాస్టిక్ బ్లాకులతో నేనూ రిషితా కలిసి కట్టాం. నా డోజర్‌కు ఉన్నట్టే చక్రాల మీద రెండు చైన్లు. ఒక్కో చైనుకు ఒక మోటారు, ఒక రిమోట్. రెండూ కలిపి నొక్కితేనే తిన్నగా పోతుంది, ఒకటే నొక్కితే ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది. ఒకే రిమోట్‌తో కట్టొచ్చని నాకూ తెలుసు. "ఎడమది నాదే బాపూ, నువ్వు ముట్టద్దు" అన్నది నా బిడ్డ. గోడకు గుద్దినప్పుడల్లా తప్పు నీదంటే నీదని కొట్లాడుకునేవాళ్లం. తల్లితో పోయేటప్పుడు ఆ ఎడమ రిమోట్ బడి సంచిలో పెట్టుకుని పోయింది. నేను ఇంకోటి కొనలేదు. కొనబుద్ధి కాలేదు.

అప్పటి నుంచి అది క్వార్టర్‌లో గుండ్రంగానే తిరుగుతోంది. డ్యూటీ దిగి వచ్చి కాసేపు తిప్పుకుంటాను. నాకు నా బిడ్డను చూడాలని ఉంది సార్. మనసులో వేరే ఏమీ లేదు.

నిన్న ఆదివారం సాయంత్రం అయిదింటికి మామ ఇంటి ముందు, రోడ్డు మీద ట్యాంకు పెట్టి నా రిమోట్ నొక్కాను. ఆ చప్పుడు రిషిత వింటుందని ఆశ. ఎవరూ బయటికి రాలేదు. దారిన పోయేవాళ్లు నవ్వారు. ఇక చాలనుకుని వేలు తీశాను. కుడి చైను ఆగింది. ఎడమ చైను తిరిగింది.

నేను మళ్లీ నొక్కాను. ట్యాంకు తిన్నగా గేటు కింది నుంచి లోపలికి పోయింది. మెట్టు ఎక్కబోయి వెల్లకిలా పడింది. పడ్డా ఎడమ చైను తిరుగుతూనే ఉంది. అప్పుడే గేటు దూకాను. దూకిన మాట నిజం. నా కాలు తగిలి కుండీ పగిలిన మాట కూడా నిజం. తులసి కుండీ అని రాయించారట, అది కనకాంబరం.

మామ బయటికి వచ్చి "ఏంది గిది? దొంగ లెక్క గేటు దూకుడేంది? నడువ్ బయటికి!" అన్నారు. "జర ఆగుండ్రి మామా, బిడ్డ నొక్కుతాంది" అన్నాను. ఆయన మీద చెయ్యి ఎత్తలేదు. ట్యాంకును రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాను. చైను నా మణికట్టుకు రాసుకుంటూ తిరిగింది. బిడ్డ నాకు కనబడలేదు. మేడ మీద ఏదో తలుపు పడిన చప్పుడైంది, చైను ఆగిపోయింది. పోలీసులు వచ్చేదాకా అక్కడే నిలబడ్డాను.

చైను ఆగింది బ్యాటరీ అయిపోయి కాదు. రెండు మోటార్లకూ ఉన్నది ఒకటే బ్యాటరీ. స్టేషన్‌కు వచ్చాక కానిస్టేబుల్ రేణుక గారి ముందు నా రిమోట్ నొక్కి చూపించాను, కుడి చైను తిరిగింది. ట్యాంకును సాక్ష్యంగా ఉంచుకుంటామన్నారు. ఉంచుకోండి. ఆ ఇంటి నుంచి ఇక్కడికి రిమోట్ అందదని నాకు తెలుసు. అయినా ట్యాంకు స్విచ్ మాత్రం ఆపవద్దని మనవి.

పైన రాసింది నాకు చదివి వినిపించారు. నేను చెప్పిన మాటలే ఉన్నాయి, అన్నీ నిజం. ఎవరి బలవంతమూ లేకుండా సంతకం చేస్తున్నాను.

(సం) టి. దయాకర్